ముప్పై ఏళ్ళ తరువాత మళ్ళీ తాపీ: కాకినాడ తీరంలో ఒక పాత ఇంటి బయటి ప్లాస్టరింగ్ (కేస్ స్టడీ)

ఈ కేసు కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక రెండంతస్తుల ఇంటి బయటి గోడలకు సంబంధించినది. కింది అంతస్తు 1960ల నాటి ఎర్ర ఇటుక, సున్నపు కట్టుబడి. పై అంతస్తు 2014లో వేసినది. పాత ఇంటి మూలల్లో కొత్తగా పిల్లర్లు లేపి, వాటి మీద బీములు వేసి, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకలతో గోడలు కట్టారు. ఆ సమయంలోనే ఇల్లంతా ఒకే తీరుగా కనిపించాలని కింది గోడల పాత సున్నపు పూతను గీకేసి, రెండు అంతస్తులకూ కలిపి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి తూర్పు, ఉత్తరం గోడల మీద ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలడం మొదలైంది, లోపలి గదుల్లో నడుము ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది.

ఇంటి యజమానురాలు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. ఆమె నన్ను అడగడానికి కారణం నాకు సున్నపు పని తెలిసి ఉండడమే. నేను 1979 నుంచి 1990 వరకు మా మేనమామ చేతి కింద తాపీ పని చేశాను. గానుగ సున్నంతో (గానుగలో నూరిన సున్నపు మిశ్రమంతో) చేసే పనులు మా ప్రాంతంలో అప్పటికే అంతరించే దశలో ఉన్నా, పాత ఇళ్ళ మరమ్మతుల్లో ఆయన వాటిని వదల్లేదు కనుక నాకు రెండు పద్ధతులూ అలవడ్డాయి. ఆ తరువాత ఉద్యోగంలో చేరి, పదవీ విరమణ దాకా మళ్ళీ తాపీ పట్టలేదు. ఈ ఇంటి పని 2023 డిసెంబరులో మొదలైంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కాకినాడలో స్థిరపడిన ఒక యువ మేస్త్రి, ఆయన జట్టు పరంజా మీద పని చేశారు. గోడ పరీక్ష, మాలు (గోడకు పూసే సిమెంటు లేదా సున్నం, ఇసుక మిశ్రమం) పాళ్ళు, కింది అంతస్తు సున్నపు పూత నా బాధ్యతగా తీసుకున్నాను.

చేతి సంగతి ముందే చెప్పి ముగిస్తాను. తాపీతో మాలును గోడకు విసిరి పట్టించే మణికట్టు ఒడుపు, బద్దతో (పూతను సమం చేసే పొడవాటి పలకతో) కింది నుంచి పైకి కోసుకుంటూ లాగే తీరు కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చాయి. భుజం మాత్రం పూర్వంలా రోజంతా సాగదు కాబట్టి, ఎత్తు పనులు, బరువు పనులు కుర్రవాళ్ళకు వదిలాను. ఇన్నేళ్ళ విరామం తరువాత ఈ పనికి తిరిగి వచ్చేవారు అసలు జాగ్రత్త పడవలసింది చేతి గురించి కాదు, జ్ఞాపకంలో ఉన్న పాళ్ళ గురించి. 1980లలో మేము 1:5, 1:6 (ఒక పాలు సిమెంటుకు ఐదు, ఆరు పాళ్ళ ఇసుక) అని చెప్పుకున్న మాలు ఏ సిమెంటుతో, ఏ ఇసుకతో, ఏ ఇటుక మీద నిలబడిందో, ఆ మూడూ ఇప్పుడు లేవు. అంకెలు అవే అయినా గోడ మీదికి ఎక్కే పదార్థం వేరు.

గోడ పరీక్ష

మొదటి పని వినడం. తాపీ పిడితో గోడను అడుగడుగునా తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీసుకుంటూ వెళ్ళాము. కింది అంతస్తులో నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తు వరకు దాదాపు గోడంతా డొల్లే. పై అంతస్తులో డొల్ల తక్కువ. కానీ బీముకూ ఇటుకకూ కలిసే చోట గోడ పొడవునా అడ్డగీత లాంటి పగులు, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్ళు, తూర్పు గోడ మీద సన్నని నెర్రెలు అల్లుకుని ఉన్నాయి. ఈ మూడు రకాల పగుళ్ళకూ కారణం ఒకటి కాదు. బీము దగ్గరి అడ్డపగులు కాంక్రీటు, ఇటుక ఎండకు వేరువేరుగా సాగి కుంచించుకుపోవడం వల్ల వచ్చేది. కిటికీ మూలల్లో వచ్చేది గోడలోని ఒత్తిడి ఆ మూల దగ్గర కూడడం వల్ల. అల్లుకున్న నెర్రెలు మాత్రం పూర్తిగా ప్లాస్టరింగ్ తప్పు. సిమెంటు మోతాదు ఎక్కువైన పైపొర త్వరగా ఆరి ముడుచుకుపోతే అలా అవుతుంది.

తరువాత కొన్ని చోట్ల అరచేయంత ముక్కలు కోసి చూశాము. కింది గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ మందం కొన్ని చోట్ల 40 మిల్లీమీటర్లు దాటింది. ఒక ముక్క ఊడి వచ్చినప్పుడు దాని వెనుక వైపు గట్టిగా, నున్నగా, పలక లాగే ఉంది. దానితో పాటు ఇటుక పైపొర, సున్నపు సందులోని మాలు పొడిపొడిగా రాలి అరచేతిలో పడ్డాయి. పొడి నాలుకకు తగిలితే ఉప్పన. అంటే ప్లాస్టరింగ్ చెక్కుచెదరలేదు. అది పట్టుకోవలసిన గోడ దాని వెనుక అరిగిపోయింది.

ఇలా జరగడానికి మూలం పెరట్లో కనిపించింది. వీధి రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ ఇంటి చుట్టూ ఆవరణను కూడా కాంక్రీటు పోసి పెంచుకుంటూ వచ్చారు. పునాది మీద చెమ్మ పైకి ఎక్కకుండా కట్టిన పొర ఇప్పుడు ఆవరణ మట్టానికి దిగువన ఉండిపోయింది. వాన నీరు ఆ పొరకు పై నుంచే గోడలోకి చేరుతోంది. సున్నపు గోడ తాగిన నీటిని తిరిగి గాలికి వదిలే గుణం ఉన్నది కనుక 2014కు ముందు ఆ నీరు సున్నపు పూత గుండా ఆరిపోయేది. గట్టి సిమెంటు పొర ఆ దారి మూసేసింది. నీరు ఆగిన చోట దానితో పాటు నేలలోని ఉప్పు ఇటుక, ప్లాస్టరింగ్ మధ్య పేరుకుని గడ్డకట్టి, ఆ ఒత్తిడికి ఇటుక ముఖాన్ని పొడి చేస్తూ వచ్చింది. లోపలి గదుల్లోకి చెమ్మ ఎక్కడానికి కూడా ఇదే కారణం: బయటికి దారి లేని నీరు లోపలి వైపు వెతుక్కుంది.

పై నుంచి వచ్చే నీటికి వేరే కారణాలు ఉన్నాయి. కిటికీల మీది సన్‌షేడ్‌ల అడుగున నీటిగాడి లేదు. వాన నీరు అంచు దగ్గర తెగి కిందపడకుండా అడుగు భాగం వెంట వెనక్కి జారి గోడకు చేరుతోంది. పిట్టగోడ తల బయటి వైపుకు వాలి ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా బంగాళాఖాతం వాయుగుండాలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో, గాలితో కలిసిన వాన తూర్పు, ఉత్తరం గోడలను నేరుగా కొడుతుంది. ఆ రెండు గోడలే ముందుగా చెడిపోయాయంటే ఆశ్చర్యం లేదు.

మారిన సామాను

1980లలో సిమెంటు దొరకడమే గొప్ప. 1982లో నియంత్రణ కొంత సడలింది, 1989లో పూర్తిగా ఎత్తివేశారు. అంతవరకు పర్మిట్ల మీదే చాలా సిమెంటు వచ్చేది. అప్పట్లో మా చేతికి వచ్చినది ఎక్కువగా 33 గ్రేడు సిమెంటు (గ్రేడు అంకె సిమెంటు బలాన్ని తెలుపుతుంది). అది నెమ్మదిగా గట్టిపడేది కనుక నీళ్ళు కొట్టడంలో ఒక పూట ఆలస్యమైనా కొంత ఓర్చుకునేది. ఇప్పుడు కొట్టులో ప్లాస్టరింగ్‌కని అడిగితే చాలా చోట్ల 53 గ్రేడు చూపిస్తారు. శ్లాబుకు దాని బలం పనికి వస్తుంది కానీ ప్లాస్టరింగ్‌కు అది అవసరం లేదు. త్వరగా వేడెక్కి, త్వరగా ముడుచుకునే ఆ గుణమే పైపొరలో నెర్రెలకు దారి తీస్తుంది. అందుకని ఈ పనికి ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటు వాడాము. దానికి నీటి తడి ఎక్కువ రోజులు కావాలి. కాంక్రీటు విషయంలో ఐ.ఎస్. 456 అనే భారతీయ ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఉంచమంటుంది. పల్చని ప్లాస్టరింగ్ పొర కాంక్రీటు కంటే త్వరగా ఆరిపోతుంది కాబట్టి మేము ఆ పది రోజులనే కనీస గడువుగా పెట్టుకున్నాము.

సిమెంటు బస్తా మారడం కూడా పనిని మార్చింది. అప్పట్లో సిమెంటు గోనె సంచుల్లో వచ్చేది. ఖాళీ సంచులను దులిపి, తడిపి, అరుగులకూ గోడలకూ కప్పేవాళ్ళం. ఇప్పటి ప్లాస్టిక్ సంచి నీటిని పట్టదు. అందువల్ల గోనె పట్టాలను విడిగా కొనవలసి వచ్చింది. అంచనాలో ఆ ఖర్చు రాయకపోతే పని దగ్గర పట్టాలే కనిపించవు, పైపుతో పూటకోసారి గోడ మీద చిమ్మడమే తడి పెట్టడం అయిపోతుంది.

ఇసుక మార్పు ఇంకా పెద్దది. మేము నేర్చుకున్నది గోదావరి ఇసుక మీద. దాని రేణువులు గుండ్రంగా ఉండి తాపీ కింద దొర్లుతాయి. ఈసారి మొదట వచ్చిన లోడు కంకర క్వారీలో ఆడించిన రోబో శాండ్, అందులోనూ కాంక్రీటుకు వాడే ముతక రకం. రేణువులు కోసుగా ఉండడం వల్ల బద్ద కింద గీతలు పడుతుంది. సన్నని రాతిపొడి ఎక్కువ ఉండడం వల్ల మాలు నీళ్ళు ఎక్కువ అడుగుతుంది. ఎక్కువ నీళ్ళు పోసిన మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. ఆ లోడును ఆవరణ మట్టం సరిచేసే పనికి వాడి, ప్లాస్టరింగ్‌కు 2.36 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన నది ఇసుకనే తెప్పించాము. దాన్ని కూడా పరీక్ష లేకుండా వాడలేదు. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్ళు నింపి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచితే ఇసుక మీద ఒండ్రు పొర విడిగా తేరుకుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడగకుండా వాడకూడదు.

పాళ్ళ విషయంలో తట్ట లెక్కను పూర్తిగా ఆపించాను. తడి ఇసుక ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పటి కంటే ఇరవై, ముప్పై శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉదయం మంచుకు తడిసిన ఇసుకతో ఆరు తట్టలు, మధ్యాహ్నం ఆరిన ఇసుకతో ఆరు తట్టలు ఒకే పాళ్ళు కావు. ఒక సిమెంటు బస్తా 35 లీటర్లు పడుతుంది కనుక అదే కొలతకు చెక్కతో ఒక ఫర్మా (కొలత పెట్టె) చేయించి, ఇసుకనూ సున్నాన్నీ దానితోనే కొలిచాము. కుప్ప అంతా ఒకేసారి కలిపి రోజంతా నీళ్ళు చల్లుకుంటూ వాడే అలవాటును కూడా మానిపించి, అరగంటలో అయిపోయేంత మాలే తడపమన్నాను. వంద చదరపు అడుగులకు 20 మిల్లీమీటర్ల మందాన 1:6 పాళ్ళకు దాదాపు ఒక బస్తా సిమెంటు, కింద రాలేదానికి మరికొంత పడుతుందన్న పాత లెక్క మాత్రం ఇప్పటికీ సరిపోయింది.

నీళ్ళ గురించి ఒక మాట. ఆ ఇంటి బోరు నీళ్ళు ఉప్పన. ఇంటివాళ్ళు గిన్నెలు కడగడానికి కూడా వాడనివి గోడకు ఎలా పనికి వస్తాయి? 2014 నాటి పని ఆ నీళ్ళతోనే జరిగిందని టీచరుగారు చెప్పారు. ఈసారి మాలు కలపడానికీ, తడి పెట్టడానికీ మున్సిపాలిటీ నీళ్ళే వాడాము.

పని జరిగిన తీరు

తీసుకున్న ముఖ్య నిర్ణయం రెండు అంతస్తులకూ ఒకే ప్లాస్టరింగ్ వేయకూడదన్నది. పూత ఎప్పుడూ తన వెనుక ఉన్న గోడ కంటే బలంగా ఉండకూడదు. బలం తక్కువైన పూత గోడతో పాటు కదులుతుంది, బలం ఎక్కువైనది గోడను చీల్చుకుని విడిపోతుంది. పై అంతస్తుకు సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్ళలో, కింది అంతస్తుకు సిమెంటే లేని సున్నం, సుర్కి (ఇటుక పొడి), ఇసుక 1:1:2 పాళ్ళలో నిర్ణయించాము. రెండింటికీ మధ్య బీము అడుగు అంచున ఇంటి చుట్టూ 10 మిల్లీమీటర్ల గాడి వదిలాము. ఆ గాడి వద్ద పై పూత ముగుస్తుంది, కింది పూత అక్కడి నుంచి వేరుగా మొదలవుతుంది. గోడ మధ్యలో గీత కనిపించడం టీచరుగారికి మొదట నచ్చలేదు. రెండు కాలాల కట్టడాలు వేరువేరుగా కదులుతాయనీ, మనం గీత గీయకపోతే గోడే తనంతట తాను గీసుకుంటుందనీ బీము దగ్గరి పాత పగులును చూపించి వివరించిన తరువాత ఆమె ఒప్పుకున్నారు.

అన్నిటికంటే ముందు ఆవరణ కాంక్రీటును గోడ పొడవునా అడుగున్నర వెడల్పున తొలగించి, మట్టం దించి, ఆ పట్టీని కంకరతో నింపాము. సన్‌షేడ్‌లకు నీటిగాడి కోశాము, పిట్టగోడ తల వాలును ఇంటి వైపుకు తిప్పాము. ఈ పనులు చేయకుండా ఎంత మంచి పూత వేసినా అది డబ్బు దండగ.

కింది గోడ మీది సిమెంటు పెచ్చులన్నీ తీసేసి, సందుల్లోని వదులు మాలును అంగుళం లోతు దాకా గీకి, పేరుకున్న ఉప్పును పొడి కుంచెతోనే దులిపాము. నీళ్ళతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గోడను అలాగే కొన్ని వారాలు ఆరనిచ్చి, ఈలోగా పై అంతస్తు పని మొదలుపెట్టాము.

ఫ్లైయాష్ ఇటుక ముఖం నున్నగా ఉంటుంది, మాలు దానికి అంటుకునే పట్టు తక్కువ. దాని మీద ముందుగా సిమెంటు, ముతక ఇసుక పల్చగా కలిపి తాపీతో చిమ్మి ఒక గరుకు పొర వేసి, దాన్ని తడిపి గట్టిపడనిచ్చాము. కాంక్రీటు భాగాలకు ఉలితో గాట్లు కొట్టించాము. బీముకూ ఇటుకకూ కలిసే చోట వేసే మామూలు కోడి మెష్ (సన్నని ఇనుప తీగల వల) సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఉబ్బి, ప్లాస్టరింగ్‌ను లోపలి నుంచి ఎత్తేస్తుంది. అందుకని క్షారాన్ని తట్టుకునే ఫైబర్‌గ్లాస్ మెష్ వాడాము. మెష్‌ను గోడకు మేకులతో అదిమి కొట్టి దాని మీద మాలు పూయడం చాలా చోట్ల చూస్తాము. అలా చేస్తే అది పగులును ఆపే పని చేయదు. మొదటి పొర సగం మందం వేశాక, అది పచ్చిగా ఉండగానే ఆ కలిసే చోటుకు అటూ ఇటూ 150 మిల్లీమీటర్ల చొప్పున మెష్‌ను అందులోకి తాపీతో అదిమి, పైన మిగతా మాలు వేశాము. మొదటి పొర 12 మిల్లీమీటర్లు. దానికి అలలుగా గీతలు గీసి, వారం రోజులు తడిపి, ఆ తరువాతే 8 మిల్లీమీటర్ల పైపొర వేశాము. మా ప్రాంతంలో పైపొరను కింది పొర కంటే బలమైన పాళ్ళతో వేయడం అలవాటు. నేను దాన్ని అంగీకరించలేదు. రెండు పొరలూ ఒకే పాళ్ళలో వేయించాను.

తూర్పు గోడ పనిని ఎండ దాటిన మధ్యాహ్నం వేళ, పడమటి గోడ పనిని ఉదయం వేళ పెట్టుకున్నాము. పైపొరను స్పాంజితో రుద్ది నునుపు చేసే అదనుకు పాత కొలతే వాడాను: బొటనవేలితో గోడను నొక్కితే ముద్ర పడాలి, వేలికి తడి అంటకూడదు. ఆ దశ రాకముందే రుద్దితే సిమెంటు పాలు పైకి తేలి పల్చని పొరగా ఆరి నెర్రెలిస్తాయి. ఒక సాయంత్రం చలికి గోడ నీటిని ఆలస్యంగా లాగుతుంటే మేస్త్రి, “బాబాయ్ గారూ, కాస్త పొడి సిమెంటు చల్లితే వెంటనే లాగేస్తుందండి, చీకటి పడిపోతోంది” అన్నాడు. “తూర్పు గోడ మీద మనం గీకి పారేసిన నెర్రెలు ఆ పొడి సిమెంటువే నాయనా, లైటు వేసుకుని ఆగుదాం” అన్నాను. అతను పని మీద గౌరవం ఉన్నవాడు. మరుసటి రోజు నుంచి అడుగు పనిని ముందుగా ముగించి, స్పాంజికి సమయం మిగిలేలా తనే జట్టును సర్దుకున్నాడు.

కింది అంతస్తుకు పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చిన సున్నపు రాయి తెప్పించి, డిసెంబరు మొదట్లోనే తొట్టెలో తడిపి, పైన నీరు నిలిపి ఉంచాము. సున్నం తడిపేటప్పుడు అది సలసల కాగుతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ తొట్టె దగ్గరకు రానివ్వలేదు. జనవరి చివరికి అది వెన్నలా అయింది. సుర్కి కోసం బాగా కాలిన దేశవాళీ ఇటుక ముక్కలనే దంచించాము. సగం కాలిన ఇటుక పొడి మట్టితో సమానం. గానుగ లేదు కాబట్టి మాలును మిక్సర్‌లో కలిపి, తరువాత రోకళ్ళతో దంచి, ఒక రాత్రి నిలవ ఉంచి వాడాము. సిమెంటు మాలును అరగంటలో వాడకపోతే పారేయాలి, ఈ మాలు మర్నాటికి ఇంకా మెత్తబడుతుంది. సిమెంటు మాత్రమే చూసిన కుర్రవాళ్ళకు ఇది నమ్మశక్యం కాలేదు. పొరకు 10 మిల్లీమీటర్లకు మించకుండా రెండు పొరలు వేసి, ఆరేటప్పుడు వచ్చిన వెంట్రుకవాసి పగుళ్ళను చెక్క పలకతో అదిమి మూశాము. తడి గోనె పట్టాలను గోడకు తాకకుండా ఎడంగా తెరల్లా వేలాడదీశాము. సున్నపు పూతకు నీటితో పాటు గాలి కూడా కావాలి, అది గాలి పీల్చుకునే గట్టిపడుతుంది. నేలకు 150 మిల్లీమీటర్ల ఎత్తున పూతను ఆపేశాము.

రంగు విషయంలో టీచరుగారు ఇల్లంతా ఒకే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కావాలనుకున్నారు. పై అంతస్తుకు అది వేయించుకోవచ్చన్నాను. కింది గోడకు మాత్రం ప్లాస్టిక్ పొర కట్టే ఏ రంగైనా 2014 నాటి సిమెంటు చేసిన పనే చేస్తుంది. అక్కడ సున్నం వెల్ల వేసి, దానిలోనే పచ్చమన్ను రంగు కలిపి, పైగోడ ఎమల్షన్‌ను ఆ రంగుకు దగ్గరగా ఎంచుకున్నాము.

వర్షాకాలం తరువాత

2024 నవంబరులో ఇంటిని మళ్ళీ తట్టి చూశాము. పై అంతస్తులో డొల్ల శబ్దం ఎక్కడా లేదు. ఉత్తరం వైపు ఒక కిటికీ మూలలో మాత్రం వెంట్రుకవాసి పగులు ఉంది, దాని గుండా నీరు దిగిన జాడ లేదు. బీము వద్ద పాత అడ్డపగులు తిరిగి రాలేదు. ఏసీ గొట్టం కోసం పూత పూర్తయ్యాక ఎవరో కొట్టిన రంధ్రం చుట్టూ చెమ్మ కనిపించింది. ఆ రంధ్రాన్ని బయటి వైపుకు వాలుగా సరిచేసి మూశాము.

కింది గోడ మీద, ముఖ్యంగా ఉత్తరం వైపు, తెల్లని ఉప్పు నూగు తేలింది. టీచరుగారు దాన్ని చూసి కంగారు పడ్డారు కానీ అది రావలసిందే. అరవై ఏళ్ళుగా ఇటుకలో చేరిన ఉప్పు బయటికి వచ్చే దారి ఇప్పుడు దొరికింది. ఇటుకను తినే బదులు అది పూత మీదికి వస్తోంది. లోపలి గదుల్లో చెమ్మ గీత నడుము ఎత్తు నుంచి మోకాలి దిగువకు దిగింది. ఎండాకాలం రాగానే ఆ ఉప్పును పొడి కుంచెతో దులిపి, ఏడాదికోసారి వెల్ల వేయించుకోమనీ, ఉప్పు మరీ ఎక్కువైన చోట పూత మెత్తబడితే ఆ ముక్క వరకే తీసి సున్నంతోనే తిరిగి వేయించుకోమనీ, ఎవరు చెప్పినా సిమెంటు అతుకు పెట్టనివ్వవద్దనీ రాసి ఇచ్చాను. కంకర పట్టీ మీద పూలకుండీలు పెట్టి నీళ్ళు పోస్తున్నారు. వాటిని కాంపౌండు గోడ వైపుకు జరిపించాము.